ఊడిన నక్షత్రం

కైరోలో ఆ మసీదుకీ, దాన్ని ఆనుకుని ఉన్న మదరసాకీ ఆరువందల ఏళ్లు. నాలుగు మూలల్లో ఇస్లాం నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాలనూ బోధించిన చోటు. కాపలాదారు ఖమీస్‌కి మాత్రం అక్కడ కాలుపెట్టే ప్రతివాడూ దొంగే. చెప్పులు అందుకునేటప్పుడు మనిషి ముఖం చూడడు, చేతులు చూస్తాడు. ఎవరైనా స్తంభానికి ఆనుకుంటే గట్టిగా దగ్గుతాడు. పొద్దునా సాయంత్రం ప్రసంగపీఠానికి పొదిగిన దంతపు నక్షత్రాలను కుడిచేత్తో తడిమి చూసుకుంటాడు. ఎడమచేయి ఎప్పుడూ అంగీ జేబులోనే ఉంటుంది.

మొన్న పురావస్తు శాఖ నుంచి నిర్మీన్ అనే అధికారి వచ్చి, పీఠం మీద ఖాళీ గుంట చూసి ఆగింది.

"బాబాయ్, ఇక్కడి నక్షత్రం ఏదీ?"

"దొంగలమ్మా! ఎప్పట్నుంచో మొత్తుకుంటూనే ఉన్నా."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"ఎవరి మీద లేదో అడుగమ్మా. ఇమాము గారి మీద కూడా ఉంది."

ఆమె నవ్వి గుంట తడమబోయింది. ఖమీస్ అడ్డం నిలబడ్డాడు.

"కళ్లతో చూడు తల్లీ, చేత్తో కాదు."

'పోయింది' అని రాసుకుని ఆమె వెళ్లిపోయింది. ఖమీస్ తలుపు వేసి, జేబులోంచి ఎడమచేయి తీశాడు. తొమ్మిదేళ్ల కిందట జిగురు వదిలి రాలిన నక్షత్రం అరచేతిలో నున్నగా అరిగి ఉంది. అప్పగించడానికి నమ్మకమైన మనిషి ఆ రోజు కూడా రాలేదు.