పన్నెండు బస్తాల రాజీ

ఆరు బస్తాల దగ్గర ఆగిన బేరాన్ని ఒక్క పూటలో పన్నెండుకు లాగినవాణ్ణి నేను. వకీలు సాబు వద్దన్న పని చేసి మరీ లాగాను. కామారెడ్డి బజారులో బట్టల దుకాణం గద్దె మీద పెరిగాను. ముఖం చూస్తే ఎదుటివాడు ఇంకా ఎంత దిగుతాడో తెలిసేది. వకాలతు పరీక్షకు చదువుతూ ఆయన దగ్గర కాగితాలు రాసే రోజులవి. చట్టం సగమే వచ్చినా బేరం మొత్తం వచ్చని ధీమా.

దావా వేసినామెది మాచారెడ్డి. ఎల్లారెడ్డిలో అత్తిల్లు. జ్వరంతో పుట్టింటికి పోతే, చనిపోయిందని అత్తింటికి తప్పుడు కబురు చేరింది. ఆమె కోలుకుని వెళ్లేసరికి మొగుడికి మళ్లీ పెళ్లయింది. కొత్త భార్య మెడలో వెండి బిళ్ల, దాని మీద ఆడమనిషి బొమ్మ. మొదటి భార్య పోతే రెండో ఆమెకు అట్లా కడతారు. కొత్త చీరైనా, అన్నమైనా ముందు ఆ బిళ్లకు చూపాలి. లేకపోతే పోయినామె పట్టుకుంటుందని భయం. ఈమెను వాళ్లు గడప తొక్కనీయలేదు.

"ముందు ఆమె బతికున్నదని రాయించు, బిళ్ల తీయించు. గింజల ముచ్చట తర్వాత," అని వకీలు సాబు చెప్పి నన్ను రాజీకి పంపాడు.

ఎల్లారెడ్డిలో వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. ఆమె బయట బండి పక్కన నిలబడింది. అత్త అటు చూడనే లేదు.

"బిళ్ల తీస్తే మా చిన్నకోడలికి కీడయితది బిడ్డా. గదొక్కటి అడగకు. ఏడాదికి ఆరు బస్తాల వడ్లిస్తం."

"చచ్చినామెకు వడ్లెందుకవ్వా?"

"చచ్చినోల్లకు పెట్టమా ఏంది?"

నవ్వాను. వాళ్ల భయం ఎంత లోతో తెలిసింది కనుక ధర పెంచాను. "బిళ్ల జోలికి రాం. పన్నెండు."

మొగుడు తలూపాడు.

ఆమెకు చెబితే, "మూడు బస్తాలే ఇయ్యమను అయ్యా. గా బిళ్ల తీయించు. నేనున్ననని ఒక్కలన్న అననీ," అంది.

"బిళ్ల వండుకుంటవా అక్కా? కాగితం మీద వేలిముద్ర పెట్టు."

పెట్టింది. ఆ కాగితంలో ఎక్కడా ఆమెను భార్య అని రాయలేదు.

కోతలయ్యాక, నా గెలుపు కళ్లారా చూద్దామని ఆమె వెంట వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ముందు తలుపు మూసి ఉంది. పెరట్లో పన్నెండు బస్తాలు. మొదటి దాని మీద విస్తరాకు, అందులో అన్నం, నల్ల నువ్వులు. ఇంటివాళ్లందరూ మాకు వీపు పెట్టి నిలబడ్డారు. మొగుడి భుజం మీది పసివాడు ఇటు చూడబోతే అతను అరచేత్తో వాడి కళ్లు మూశాడు.

అత్త గోడతో అన్నట్టు అంది: "తీస్కపో బిడ్డా. మల్ల ఏడాదికి రా. మా పిల్లలను చూడకు."

రెండో భార్య బిళ్లను పెదాల దగ్గర పెట్టుకుంది. "అక్కా, తిను."

నా పక్కనున్న ఆమె, చేయి చాస్తే అందేంత దూరం నుంచి, "తింట చెల్లె," అంది.

ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. బిళ్లను చెవికి ఆనించుకుంది.

"అత్తా! అక్క పలికింది!"

అత్త చేతులు జోడించింది, బిళ్లకే.

ఆకు చూసిన బండివాడు బస్తాలు ముట్టనన్నాడు. నేనే మోశాను. తిరుగు దారిలో ఆమె అడిగింది: "నువ్వన్న నన్ను చూస్తున్నవా అయ్యా?"

"చూస్తున్న అక్కా," అన్నాను. నా కళ్లు ఎద్దుల మీదున్నాయి. తిప్పడానికి ధైర్యం చాలలేదు.

రాజీ మార్చొచ్చా అని అడిగితే, వకీలు సాబు కాగితం మళ్లీ చదివి పక్కన పెట్టాడు. "ఒప్పుకొని వేలు పెట్టిన రాజీ. ఇగ తిరగదు."

లెక్క తేలుస్తాను. నాలుగేళ్లు వడ్లు ముట్టాయి, తూకం ఎన్నడూ తగ్గలేదు. ఆమె వాటిని వండుకోలేదు, మా బజారులో అమ్మేసింది. ఐదో ఏడు మాచారెడ్డిలో నిజంగానే పోయింది. ఎల్లారెడ్డికి ఎవరూ కబురు పెట్టలేదు. నాకు ముట్టిన కూలి ఐదు రూపాయలు. ఆమె ఒప్పుకున్నది ఏటా మూడు బస్తాలకు. మిగతా తొమ్మిదీ నా గొప్ప కోసం తెచ్చినవి. నాలుగేళ్లకు ముప్పై ఆరు బస్తాలు, నా పేరున.