చప్పుడు లేని రైఫిల్‌కు మా నాన్న వేసిన మార్కులు

నా చిన్నప్పుడు మేము న్యూజిలాండ్ వచ్చేసరికి కుందేళ్ళు అప్పటికే సెటిల్ అయిపోయి ఉన్నాయి. వాటికి వీసా గొడవ లేదు, ఉద్యోగం గొడవ లేదు. డునెడిన్ నగరం నుంచి రెండు గంటలు లోపలికి డ్రైవ్ చేస్తే వచ్చే ఎండు కొండల మధ్య, పొలాలకు నీళ్ళు తోడే పంపుల్ని చూసుకునే ఇంజనీరు ఉద్యోగం మా నాన్నకు దొరికింది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఇల్లు ఒక గొర్రెల ఫారం పక్కన ఉండేది. సాయంత్రం కొండ కదులుతున్నట్టు కనిపిస్తే అది భూకంపం కాదు, కుందేళ్ళు మేతకు దిగుతున్నాయని అర్థం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు నలభై దాటాయి. మా పిల్లల లెక్కలో నేను వృద్ధుణ్ణే కాబట్టి ఇలాంటివి రాసే అర్హత వచ్చిందనుకుంటున్నాను.

ఆ ఫారం ఒక ముసలి దంపతులది. అంకుల్, ఆంటీ అని పిలిచేవాళ్ళం. అంకుల్ మాటల మనిషి కాదు. గొర్రెల షెడ్డు పైకప్పు ఎగిరిపోయినప్పుడు కూడా 'కాస్త గాలి వేసింది' అని ఊరుకున్నారు. ఆంటీకి చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తెలిసేవి, ఎదుటి మనిషెవరో తెలిసేది కాదు. రోజూ పొద్దు వాలే వేళకు అంకుల్ రైఫిల్ తీసుకుని కుందేళ్ళ మీదికి వెళ్ళేవారు. వదిలేస్తే గొర్రెలకు గడ్డి మిగలదు. కొడితే మిగిలేదా అంటే, అదీ లేదు. అయినా ఆయన నలభై ఏళ్ళుగా ఆ పని మానలేదు, కుందేళ్ళూ తమ పని మానలేదు.

సరిగ్గా అదే వేళకు మా చెల్లి నిద్రపోయేది. ఆరు నెలల పిల్ల. మొదటి దెబ్బకు లేచేది, రెండో దెబ్బకు ఏడుపు అందుకునేది. ఆ తర్వాత తుపాకీ ఆగినా తను ఆగేది కాదు. మా అమ్మ దాన్ని భుజాన వేసుకుని హాల్లో తిరుగుతూ మా నాన్న మీద పడేది.

"వెళ్ళి ఆయనకి ఒక్క మాట చెప్పండి."

"ఏమని చెప్పమంటావు? కుందేళ్ళని కాస్త మెల్లగా చంపండి అనా?"

చివరికి అమ్మే వెళ్ళింది, గారెలు పట్టుకుని. మనవాళ్ళ పద్ధతి అది. ఫిర్యాదు చెయ్యాలంటే ముందు ఏదో ఒకటి వండాలి, వండాక ఇక ఫిర్యాదు చెయ్యడానికి మొహం చెల్లదు. అమ్మ గారెలిచ్చి, వాళ్ళ టీ తాగి, నాలుగుసార్లు 'నో ప్రాబ్లమ్' అని వచ్చేసింది. కానీ అమ్మ లేస్తుండగా బయట కారు తలుపు గట్టిగా పడిందట, చంకలోని పిల్ల ఉలిక్కిపడి నీలంగా మారేంత ఏడ్చిందట. అంకుల్ అది చూశారు.

మర్నాడు సాయంత్రం గారెల గిన్నె తెమ్మని నన్ను పంపించారు. ఆంటీ వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. బయట ఎక్కడో తుపాకీ మోగింది. "కాలువ దగ్గరున్నాడు" అంది, నాతోనో తనతోనో. కాసేపటికి ఇంకోటి మోగింది. "ఇప్పుడు పైన కంచె దగ్గర. ఇంకొక్కటి కొట్టి దిగుతాడు. కెటిల్ ఆన్ చెయ్యి నాన్నా." మూడోది మోగింది, నేను స్విచ్ నొక్కాను. నీళ్ళు మరిగి స్విచ్ టక్కుమనేసరికి అంకుల్ గుమ్మంలో బూట్లు విప్పుతున్నారు. నాకది మేజిక్‌లా అనిపించింది. నా మొహం ఆవిడకు కనబడకపోయినా సంగతి అర్థమై నవ్వింది. "మనిషి నోరు విప్పడు. తుపాకీ అయినా మాట్లాడుతుంది, అదే నయం" అంది.

వారం తిరక్కుండా అంకుల్ ఒక కేటలాగు తెచ్చి మా టేబుల్ మీద పెట్టారు. మా నాన్నను సలహా అడగడానికి వచ్చారు. సైలెన్సర్ అంటే ఇక్కడ సినిమా విలన్ల వస్తువు కాదు, లైసెన్సున్న రైతు కొనుక్కునే పనిముట్టు. మామూలుగా దాన్ని గొట్టం చివర విడిగా బిగిస్తారు. అంకుల్ చూపించినది అలాంటిది కాదు, సైలెన్సర్ గొట్టంలోనే కలిసిపోయి ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చే రైఫిల్. మా నాన్న కళ్ళు మెరిశాయి. పెళ్ళి సంబంధం దగ్గర్నుంచి మిక్సీ దాకా ఆయన ఏదీ కాగితం మీద రెండు గళ్ళు గీయకుండా నిర్ణయించలేదు.

లాభాల్లో రాసుకున్నవి నాకు గుర్తే. విడిగా బిగించేది పొడుగై గేటుకీ కంచెకీ తగులుతుంది, ఇది పొట్టిగా చేతిలో కుదురుగా ఉంటుంది. ఊడదు, పోదు. మామూలు తూటా వేసినా వేగం తగ్గి బయటికి వస్తుంది కాబట్టి, ధ్వనిని మించిన వేగంతో తూటా పోయేటప్పుడు వచ్చే ఫట్‌మనే చప్పుడు కూడా ఉండదు. పక్క కుందేలు పారిపోదు. అంకుల్ చెవులకు మంచిది, చెల్లి నిద్రకు ఇంకా మంచిది. నష్టాల గడిలో, వేగం తగ్గితే దూరం దెబ్బ తగలదు అని రాశారు. 'నా కళ్ళూ అంతవరకే' అన్నారు అంకుల్. లోపల మసి పేరుకుంటే శుభ్రం చెయ్యడం కష్టం. పాడైతే సైలెన్సర్ ఒక్కటే మార్చడానికి లేదు, గొట్టం మొత్తం డునెడిన్ పంపాలి. ఇంకో రైఫిల్‌కి తగిలించుకోవడానికీ లేదు. ఖరీదూ ఎక్కువే. మా నాన్న ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు వేసి, కూడి, కొత్త రైఫిల్‌ను ఫస్ట్ క్లాసులో పాస్ చేశారు.

ఆ టేబుల్‌కు అవతలి చివర నేను హోంవర్క్ చేస్తున్నాను. ఆ కాగితంలో ఒక గడి తక్కువైందని ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పెద్దవాళ్ళ మాటల మధ్యలో పిల్లలు దూరకూడదని మాకొక నియమం ఉండేది. దాన్ని అంతకు ముందెప్పుడూ పాటించలేదు, ఆ రోజు పాటించాను. చెల్లి ఏడుపు ఆగితే చాలని నాకూ ఉంది మరి.

రైఫిల్ వచ్చింది. చెల్లి హాయిగా నిద్రపోయింది. పాప కోసమే కొన్నానని అంకుల్ చెబితే ఆంటీ 'మంచి పని చేశావు' అందట. పసిపిల్ల నిద్ర ముందు తన సంగతి చెప్పుకోవడం ఆవిడకు నచ్చి ఉండదు. ఆయన ఎక్కడున్నదీ తెలియకుండానే ఆ కిటికీ దగ్గర కూర్చుంది, ఎన్ని సాయంత్రాలో.

ఒకరోజు పై కంచెలో ఒక గొర్రె ఇరుక్కుని అంకుల్‌కు ఆలస్యమైంది. కాచిన నీళ్ళు చల్లారిపోయాయి. ఆంటీ కంచె తీగ పట్టుకుని వెతుక్కుంటూ బయల్దేరింది. కాలువ గట్టు మీద తీగ అయిపోయింది, ఆవిడ ఆగలేదు. గట్టు మీంచి జారిపడి తుంటి విరిగింది. ఆయన కిందికి దిగి వచ్చేదాకా ఆ చలిలో అక్కడే పడి ఉంది.

ఆంటీని డునెడిన్ ఆసుపత్రిలో చేర్చారు. అక్కణ్ణుంచి వృద్ధుల హోముకే పంపించారు, ఇక ఇంటికి రాలేదు. ఆ కబురు చెప్పడానికి అంకుల్ వచ్చినప్పుడు మా నాన్న, రైఫిల్ ఎలా ఉందని అడిగారు. "బాగానే ఉంది. పాప నిద్రపోతోందా?" అన్నారాయన. అమ్మ తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చలికాలం మేము హోముకు వెళ్ళాం. అంకుల్ అక్కడే ఉన్నారు. జీవితమంతా నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, ఆ గదిలో ఆగకుండా మాట్లాడుతున్నారు. "కిటికీ దగ్గరున్నాను. తెర లాగుతున్నాను. ఇప్పుడు నీ కుడి పక్కకి వస్తున్నాను. కూర్చుంటున్నాను." నీళ్ళ గ్లాసు కోసం రెండడుగులు వేసినా చెబుతున్నారు. ఆంటీకి అప్పటికే తెలివి సరిగా లేదు. మధ్యమధ్యలో "ఆయన ఇంకా రాలేదా?" అని మా అమ్మనడిగేది. ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు, విసుక్కోకుండా. ఏ ఒక్కసారీ ఆవిడ నమ్మినట్టు నాకు కనిపించలేదు.

నాకు తెలిసి కూడా నోరు విప్పలేదన్న సంగతి ఇంతవరకు మా నాన్నకు చెప్పలేదు. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. చెబితే ఎవరికి లాభం అని ఆలోచిస్తుంటాను, అది కూడా ఆయన పోలికే. క్రైస్ట్‌చర్చ్‌లో మా ఇంట్లో మాత్రం గది దాటితే ఎక్కడికి వెళ్తున్నానో గట్టిగా చెప్పి వెళ్తాను. గరాజ్‌లోకి వెళ్తున్నాను, పెరట్లోకి వెళ్తున్నాను, వచ్చేశాను. ఫోన్లో లొకేషన్ కనిపిస్తోంది కదా డాడ్ అని పిల్లలు ఇంగ్లీషులో నవ్వుతారు. నవ్వనీ అని ఊరుకుంటాను. ఇంట్లో ఎవరూ లేని రోజుల్లో కూడా చెప్పే వెళ్తాను.