తొట్టెల్లో పోసిన వాననీళ్ళు

ఇన్నేళ్ళూ నా మాట విన్నవాడు లేడు. రేషన్ బియ్యంలో పురుగులున్నాయన్నాను, వినలేదు. కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు చెయ్యి చేసుకున్నాడన్నాను, వినలేదు. అందరి మీదా ఫిర్యాదు చేశాను. ఒక్కడి మీద మాత్రం చెయ్యలేదు. వాడు నేనే. గిర్మిట్, అదే ఐదేళ్ళ కూలి ఒప్పందం, ముగిసినా గుండెల మీంచి దిగని ఆ బరువు మీకు చెబుతాను.

ఫిజీ దీవుల్లో సావుసావు దగ్గర చిన్న లంకలో, సముద్రజీవుల్ని పరిశీలించే దొర ఒకడు పాక వేసుకున్నాడు. మా కొబ్బరితోట నుంచి అప్పన్ననీ నన్నూ పంపారు. ఇద్దరం ఒకే ఓడలో వచ్చిన జహాజీలం. తోడబుట్టినవాళ్ళ కిందే లెక్క. కావడితో ఉప్పునీళ్ళు మోసేది నేను. తొట్టెల్లో పగడాలను బతికించేది అప్పన్న. దొర అతన్ని పేరుపెట్టి పిలిచేవాడు. నన్ను "ఏయ్" అనేవాడు. ఒకరోజు అతనికి భూతద్దమిచ్చి, పగడం నోరు తెరవడం చూపించాడు. కావడి దించి నేనూ నిలబడ్డాను. దొర నావైపు చూడనైనా లేదు.

ఆ మధ్యాహ్నమే వాన పడింది. తొట్టెల మీది కొబ్బరాకు తడికలు లాగేసి, పీపాలోని వాననీళ్ళు కుమ్మరించాను. అప్పన్నకి నాలుగు తిట్లు పడితే చాలనుకున్నానా? లేదు. మంచినీళ్ళు తగిలితే పగడాలు చస్తాయని తెలుసు. నాకు చెప్పింది అప్పన్నే.

పగడాలు తెల్లబడి కుళ్ళాయి. దొర తల పట్టుకుని కూర్చున్నాడు. సర్దారు కర్రతో వచ్చాడు.

"కోన్ కరిస్? ఎవడి పని?"

అప్పన్న తడికల వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"నానే. మూతెయ్యడం మరిసిపోనాను."

నేను కావడెత్తుకుని నీళ్ళకి పోయాను. అతన్ని లంబాసా చెరకు పనికి తోలేశారు. లంకలో నీడపట్టున అతని కాలి పుండు అప్పుడప్పుడే మానుతోంది. పడవ దగ్గర అడిగాను.

"నా పేరు ఎందుకు చెప్పలేదన్నా?"

"ఓడలో జొరమొస్తే నీ వంతు నీళ్ళు నా నోట్లో పోసినావు. ఆ రునం ఈయాలతో తీరిపోనాది. ఇంక నన్ను అన్నా అనకు."

చెరకు తోటలో ఆ పుండు ముదిరింది, కాలు తీసేశారు.

ఇప్పుడు లంబాసాలోనే ఉన్నాడు. అందరినీ పలకరిస్తాడు, నన్ను తప్ప. మొన్న అతని వాకిట్లో, పదిమంది యాంగోనా వేరు పిసికిన మత్తునీళ్ళు తాగుతుండగా, నేనే చేశానని పైకి చెప్పాను. అప్పన్న తలెత్తలేదు. తాగే కొబ్బరిచిప్ప పక్కవాడికి అందించాడు. చెప్పాక కాస్త ఊపిరాడింది, అంతే. సిగ్గు పోలేదు. అంతకంటే సిగ్గు, భూతద్దం చూపించలేదన్న రోషమూ పోలేదు.

క్షమించమనను. కానీ అప్పన్నా, తిట్టయినా సరే, జవాబు చెప్పు. రేపూ వస్తాను. నీ వాకిట్లోనే కూర్చుంటాను.