ఆయాసం ఎవరి తరఫుది

సిద్దిపేటలో నాగేశం కారం గిర్ని తెలియని ఇల్లు తక్కువ. ఎండుమిర్చి సంచితో వచ్చినవాళ్లు గడపలోనే తుమ్మి, ముక్కుకు కొంగో రుమాలో అడ్డం పెట్టుకుంటారు. నాగేశం మాత్రం ఏమీ కట్టుకోడు. గిర్నివాడు మూతికి గుడ్డ కట్టుకుంటే కొత్త పెండ్లికూతురులా ఉంటాడని ఆయన ఉద్దేశం. పొద్దున షట్టర్ ఎత్తగానే దగ్గు అందుకుంటుంది, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి, ఎండ ఎక్కాక సర్దుకుంటాయి. ఎవరైనా అడిగితే మిరపకాయల ఘాటు అంటాడు. గిర్ని బందు పెట్టిన రోజు కూడా ఆ ఘాటు ఇంటికే వచ్చి దగ్గిస్తుంది. అదెట్లాగని అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అసలు సంగతి ఏమిటంటే, నాగేశానికి ఆయాసం చిన్నప్పటి నుంచీ ఉంది. ఉందని ఒప్పుకుంటే పరువు పోతుందని ఆయన భయం. ఆ భయం ఒట్టిది కూడా కాదు. కొడుకు సతీశ్‌కు ప్రజ్ఞాపూర్ సంబంధం వచ్చినప్పుడు పెద్దమనుషులు కూర్చుని, మీ ఇండ్లలో ఊపిరాడని దమ్ము, ఫిట్సు లాంటివేమైనా ఉన్నాయా అని ఇరువైపులా అడిగారు. ఇంటావంటా లేవన్నాడు నాగేశం. పిల్ల తండ్రి కర్ణాకర్ కూడా అదే మాటన్నాడు. ఆయనకు ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో టిఫిన్ హోటల్. మాట అయిపోగానే వియ్యంకులిద్దరూ ఒకేసారి దగ్గారు. ఒకాయన ఆ నేరం మిరపకాయల మీద వేశాడు, ఇంకొకాయన తాలింపు పొగ మీద వేశాడు. అందరూ లడ్డూలు తిన్నారు.

ఆ పెండ్లికి పుట్టిన పిల్ల ఉజ్వల. ఐదేళ్లది. ముసురు పడితే చాలు, అగరుబత్తి వెలిగిస్తే చాలు, దగ్గి దగ్గి ఎగశ్వాస పెడుతుంది. జలుబు చేసిందని ఒకరు సిరప్ ఇచ్చారు, కఫమని ఇంకొకరు ఇంకో సిరప్ ఇచ్చారు. నాగేశం భార్య సుశీలమ్మకు మాత్రం రోగం కంటే దాని ఊరు పేరు ముఖ్యం. మా దిక్కు ఇసుంటివి లేవు, ఇది ప్రజ్ఞాపూర్ నుంచి వచ్చిందేనని కోడలు మనీషకు వినబడేలా అనేది. మనీష వంటింట్లో గిన్నె కొంచెం గట్టిగా పెట్టేది. మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకుంటే ఆ చిన్న ఛాతీలో నాగేశానికి తన పిల్లికూతలే వినబడేవి. అయినా నోరు విప్పేవాడు కాదు.

విప్పడానికి ఆ నోటికి ఏడాదికొక రోజు ఉంది. మృగశిర కార్తె రాగానే దోస్తుకు తోడు పోతున్నానని చెప్పి, హైదరాబాదులో ఆయాసానికిచ్చే చేప మందు మింగి వచ్చేవాడు. దోస్తు పేరు ఏటికేడు మారేది. సుశీలమ్మ పులిహోర కట్టిచ్చి పంపేది, ఆ దోస్తు గురించి ఎన్నడూ అడగలేదు.

ఈ ఏడు కూడా వరుసలో నిలబడి, కండ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచి, బతికున్న చేపపిల్లను మింగాడు. అది తోక ఆడించుకుంటూ గొంతు దిగింది. నీళ్లు నిండిన కండ్లు తెరిచి చూస్తే పక్క వరుసలో ఒక పెద్దమనిషి. నోరు గుహలా తెరిచి ఉంది, పెదవుల మధ్య చేపతోక కొట్టుకుంటోంది. అంత తెరిచిన మూతిని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన కర్ణాకర్.

"దోస్తుకు తోడొచ్చిన బావా," అన్నాడు కర్ణాకర్, చేప దిగాక.

"నేను సుత గందుకే వచ్చిన," అన్నాడు నాగేశం.

ఇద్దరి దోస్తులూ ఆ చుట్టుపక్కల ఎక్కడా కనబడలేదు. ఒకే బస్సెక్కి, ఒకే సీట్లో కూర్చుని, దారి పొడుగునా వానల గురించి మాట్లాడుకున్నారు. ప్రజ్ఞాపూర్‌లో దిగేటప్పుడు కర్ణాకర్ వియ్యంకుడి చెయ్యి గట్టిగా పిసికాడు. నేను నిన్ను చూడలేదు, నువ్వు నన్ను చూడలేదు అని దానికి అర్థం.

వానలు పడ్డాయి. ఒకనాడు బడిలో ఉజ్వలకు ఊపిరి అందలేదు. అందరూ ఆటోలో పడి పిల్లల డాక్టరు షబ్నమ్ దవాఖానకు ఉరికారు. కబురందుకుని కర్ణాకర్ ప్రజ్ఞాపూర్ నుంచి వచ్చాడు. మందు ఆవిరి పట్టాక పిల్ల కుదుటపడింది. షబ్నమ్ చిన్నప్పుడు తల్లితో మిర్చి పట్టించడానికి గిర్నికి వచ్చిన పిల్లే, అందుకే నాగేశాన్ని చాచా అంటుంది. ఈ వయసులో ఇది ఉత్త జలుబో ఆస్తమానో తేల్చడం కష్టమనీ, ఇంట్లో ఎవరికైనా ఉందని తెలిస్తే తేల్చడం సులువవుతుందనీ చెప్పి, ఎవరికుందని అడిగింది.

సుశీలమ్మ తమవైపు లేదంది. కర్ణాకర్ సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. నాగేశం తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

మనీష బిడ్డ నుదురు తుడిచి అంది: "మా తరఫుదే అనుకోండ్రి మేడం. నా బిడ్డకు సరైన మందియ్యుండ్రి, గంతే."

ఆ మాట నాగేశానికి సూటిగా తగిలింది. ఏ తప్పూ చేయని కోడలు ఆ నేరం నెత్తిన వేసుకుంటుంటే, తాను పరువు కాపాడుకుంటూ కూర్చున్నాడు.

"నాకున్నది బిడ్డా," అన్నాడు. "చిన్నప్పటి సంది ఉన్నది. మా బాపుకు సుత ఉండె."

సుశీలమ్మ ఉలిక్కిపడలేదు. పెండ్లయిన కాడినుంచి ఆ పిల్లికూతలు వింటూనే ఉన్నానని గొణిగింది. ఇంటి గుట్టని మూసిపెట్టిందట. నాగేశం వియ్యంకుడి వైపు తిరిగాడు. కర్ణాకర్ ఇంకా ఫ్యాను చూస్తున్నాడు.

"బావా," అన్నాడు నాగేశం, "చేప."

కర్ణాకర్ మెల్లగా చూపు దించి, తనకూ ఉందని ఒప్పుకున్నాడు.

మరి పిల్లకు ఎవరిది వచ్చినట్టని సుశీలమ్మ పట్టుబట్టింది. షబ్నమ్ నవ్వింది. "చాచా, నువ్వు ఘాటుకో తీరు మిర్చి, రంగుకో తీరు మిర్చి కలిపి పడుతవ్ గద. పట్టినంక ఆ కారం దగ్గిస్తే ఏ సంచిదని చెప్తవ్?" జన్యువుల్లో తేడాలు అటు నుంచి కొన్ని, ఇటు నుంచి కొన్ని వస్తాయనీ, ఒక్కొక్కటి చేసేది కొంచెమేననీ, అన్నీ కలిసినచోట పొగ, దుమ్ము, జలుబు తోడైతే ఆయాసం రేగుతుందనీ విడమరిచి చెప్పింది. అవే తేడాలున్నా కొందరు పిల్లలకు అసలు రాకపోవచ్చట. అన్నీ చూసి, ఇది ఆస్తమాయేనంది. పిల్లకు పీల్చే మందు రాసి, తాతలిద్దరినీ పెద్దల డాక్టరుకు చూపించుకొమ్మంది.

బయటికొచ్చాక వియ్యంకులకు కొత్త తగాదా మొదలైంది. పిల్లకు వచ్చింది ఎక్కువ మా దిక్కుదేనని ఇద్దరూ పంతం పట్టారు. ఆ మూతి, ఆ మొండితనం, ఆ దగ్గు అన్నీ తనవేనన్నాడు నాగేశం. కర్ణాకర్ ఒప్పుకోలేదు. సుశీలమ్మ కోడలి పక్కకు వెళ్లి నిద్రపోతున్న పిల్లను తన భుజం మీదికి తీసుకుంది. "నా నోరు మంచిది కాదు బిడ్డా," అంది. మనీష అత్త కొంగు సర్దింది.

ఇప్పుడు నాగేశం గిర్నిలో మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడు. పెండ్లికూతురని ఎవరైనా నవ్వితే నవ్వనిస్తున్నాడు. మనవరాలిని గిర్ని గడప తొక్కనివ్వడు. దవాఖాన నుంచి వచ్చిన రాత్రే ఆమెకు చేపను మింగిన కథంతా చెప్పేశాడు. ఆమె మాత్రం మొదటి రోజు మందు గొట్టాన్ని దగ్గరికి రానివ్వలేదు. ముందు తాత పీల్చాలంది. నాగేశం తనకు రాసిచ్చిన మందు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కండ్లు గట్టిగా మూసుకుని, నోరు గుహలా తెరిచాడు.

ఉజ్వల ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"భయపడకు తాతా," అంది. "దీంట్ల చేప లేదు."

వంటింట్లోంచి మనీష నవ్వు వినబడింది. ఆ ఇంట్లో కోడలు అంత గట్టిగా నవ్వడం నాగేశం వినడం అదే మొదలు. ఆయన కండ్లు తెరిచి, మనవరాలిని చూస్తూ, నిండుగా పీల్చాడు.