రెండో సీడీ

మా నాయన తెలుగు సినిమాలను తమిళ అక్షరాల్లో చూసేవాడు. చెబితే నవ్వుతారు గానీ, మా హోసూరు వైపు ఇందులో వింతేమీ లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుకుంటాం, సంతలో కన్నడంలో బేరమాడతాం. కల్లావి దగ్గరి పల్లెలో ఐదో తరగతి దాకా చదివిన నాయనకు తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. అప్పట్లో నాకూ రాదు.

నాయన హోసూరులో ఒక కంపెనీలో ప్రెస్సు మీద పనిచేశాడు. రేకు పెట్టడం, మిషను దిగడం, రేకు తీయడం. ఇరవై ఏళ్ళు ఆ దడదడలోనే నిలబడ్డాడు. చెవుల్లో ఇంత దూది తప్ప ఏమీ ఉండేది కాదు. తొంభైల చివర్లో పిలిస్తే పలకడం తగ్గింది. మాకు ముందు కోపమే వచ్చింది, కావాలనే పలకడం లేదని. కృష్ణగిరిలో చెవుల డాక్టరు చూసి చెప్పేసరికి రెండు చెవులూ పోయాయి. చెవి మిషను కొన్నాళ్ళు పెట్టుకుని చూశాడు. అందులో గుయ్యిమనే గోల తప్ప మాట లేదని తీసి బీరువాలో పడేశాడు.

నాయనకు సినిమా అంటే పాటలు కాదు, ఫైట్లు కాదు. మాటలు. ఒక సినిమా చూసొస్తే వారం రోజులు ఆ డైలాగులన్నీ అమ్మ మీద ప్రయోగించేవాడు. సాంబారులో ఉప్పు తక్కువైతే చాలు, కంచం ముందు లాయరులా లేచి నిలబడి వాదించేవాడు. "ఈయప్పకు అన్నం వద్దు, డైలాగు చాలు" అని అమ్మ విసుక్కుంటూనే నవ్వేది. చెవులు పోయాక కొన్నాళ్ళు టీవీ ముందు కూర్చున్నాడు. పెదవులు ఆడతాయి, మాట రాదు. ఆ తర్వాత టీవీ పెట్టగానే లేచి బయటి మెట్ల మీదికి పోయేవాడు. అమ్మకూ చూడబుద్ధి కాక కట్టేసేది.

నేనప్పుడు బస్టాండు దగ్గర పెళ్ళి పత్రికలు అచ్చేసే డీటీపీ సెంటరులో టైపిస్టును. తమిళం టైపు చేయడంలో నన్ను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు, ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. షాపుకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఓనరును అడిగి పాత తెలుగు సినిమాలు డౌన్‌లోడ్ పెట్టడం మొదలుపెట్టాను. ఒక సినిమా దిగడానికి రెండు మూడు రోజులు పట్టేది. తీరా సీడీలో వేసి ఇంటికి తెస్తే మా ప్లేయరు దాన్ని మింగి, కక్కి, డిస్కు లేదని చూపించింది. కంప్యూటరులో ఆడే ఫైలు టీవీ ప్లేయరుకు అర్థం కాదట, దానికి తెలిసిన రకంలోకి మార్చాలట. అది నేర్చుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున షాపుకు పోతూ ఇంట్లో నేను కొనుక్కున్న పాత కంప్యూటరుకు అప్పజెబితే, సాయంత్రం వచ్చేసరికి మారి ఉండేది.

అలా మార్చేటప్పుడే, పరదేశపు సినిమాల కింద వస్తాయే, అలాంటి అక్షరాలు కూడా బొమ్మ మీద అచ్చేయొచ్చని తెలిసింది. ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఒక్కో మాట దగ్గర సినిమా ఆపడం, విన్నది తమిళ అక్షరాల్లో టైపు చేయడం, అది ఏ నిమిషం ఏ సెకను దగ్గర రావాలో పక్కన వేయడం. ఒక సినిమాకు ఆరు ఆదివారాలు పట్టేది. మొదటిసారి అక్షరాలకు బదులు వరసగా డబ్బాలు వచ్చాయి, నెత్తి కొట్టుకుని మళ్ళీ చేశాను.

మొదటి సినిమా ఒక ఆదివారం మధ్యాహ్నం వేశాం. అమ్మకు చదువు రాదు, ఆమె వింటుంది. నాయనకు వినపడదు, ఆయన చదువుతాడు. ఒక తాగుబోతు మామ తన అల్లుడిని దొంగనుకుని స్తంభానికి కట్టేసే సీను వచ్చింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. మా ఇంట్లో ఆ ఇద్దరి నవ్వూ కలిసి వినపడి ఎన్నేళ్ళయిందో! నాయన నా వైపు తిరిగి, "ఇన్నేండ్లకు నాకు మాట వినిపించినావు కదమ్మా" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను.

ఒక సినిమాకు రెండు సీడీలయ్యేవి. మొత్తం మార్చాక రెండు ముక్కలు చేసేదాన్ని. మొదటి సీడీ పెట్టి పది నిమిషాలు అక్షరాలు సరిచూసుకునేదాన్ని. రెండోదానిలో బొమ్మ వస్తే చాలుననుకునేదాన్ని. ఆరు వారాలు అదే సినిమా ముక్కలు ముక్కలుగా విన్న మనిషికి మళ్ళీ కూర్చుని చూసే ఓపిక ఎక్కడిది? వాళ్ళిద్దరినీ టీవీ ముందు కూర్చోబెట్టి నేను పడుకునేదాన్ని, లేదా బట్టలు ఉతుక్కునేదాన్ని.

మొదటి సినిమా నాయన చివరిదాకా చూశాడు. మూడో సినిమా నుంచి కొత్త అలవాటు మొదలైంది. మొదటి సీడీ కాగానే లేచిపోయేవాడు. ఒకసారి తలనొప్పి అన్నాడు. ఒకసారి "కండ్లు లాగుతాండాయమ్మా, మీరు చూసుకోండి" అన్నాడు. అమ్మ ఒక్కతే మిగతా సగం చూసి, కథ ఎలా ముగిసిందో ఆయనకు చేతులు తిప్పి చెప్పేది.

ఆ రోజుల్లోనే పేపరు పిచ్చి కూడా పట్టింది. పొద్దున్నే టీ కొట్టు నుంచి తమిళ పేపరు తెచ్చి మెట్ల మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. తన గొంతు తనకు వినపడదు కదా, వీధి చివరిదాకా వినిపించేది. చదివిందే మళ్ళీ మొదటి నుంచి, ఎవరో తరుముతున్నట్టు గబగబా. నేను షాపుకు తయారవుతూ పోయి చేతిలోంచి పేపరు లాగి, "ఇల్లు పీకి పందిరేస్తాండావు, మెల్లగా చదువు నాయినా" అని సైగలు చేసేదాన్ని. సరే సరే అని తలాడించి, నేను అటు తిరగ్గానే మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆరో సినిమా మీద నాకు చాలా ఆశ. అంతా కోర్టు వాదనలే, నాయన కోసమే ఏరి తెచ్చాను. మాటలు ఎక్కువ కాబట్టి తొమ్మిది ఆదివారాలు పట్టింది. ఆ రోజు కూడా మొదటి సీడీ కాగానే లేచి చెప్పులు వేసుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది. నాకు ముక్కు మీదే కోపం, ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాయనకు చెప్పాల్సినవి నేను తప్పు పడిన పెళ్ళి పత్రికల వెనక రాసి చూపించేదాన్ని. ఒక కార్డు తీసి రాశాను: "సగంలో లేచిపోయేవాడికి సినిమాలెందుకు? ఇంక నేను చెయ్యను." ఆయన చేతిలో పెట్టి ఎదురుగా నిలబడ్డాను. చదివాడు. నా ముఖం చూశాడు. కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బయటికి పోయాడు.

అన్నంత పనీ చేశాను. మళ్ళీ చెయ్యలేదు. ఆయనా అడగలేదు. నేను లేనప్పుడు పాత సినిమాల మొదటి సీడీలే వేసుకుని చూస్తున్నాడని అమ్మ చెబితే, "మొండితనం" అన్నాను. ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున స్నానానికి పోయిన మనిషి అక్కడే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

నాలుగైదు నెలలయ్యాక అమ్మ ఆ కోర్టు సినిమా వేయమని అడిగింది. సీడీలు చూశాను. మొదటివన్నీ గీతలు పడి ఉన్నాయి. రెండోవి కొత్తగా మెరుస్తున్నాయి. రెండోదే వేశాను. కాసేపటికి అమ్మ కునుకు తీసింది. ఆమె లేవకూడదని సౌండు పూర్తిగా తగ్గించి, ఆ ఇంట్లో మొదటిసారి నేను నాయనలా ఆ సినిమా చూశాను.

జడ్జి పెదవులు ఆడుతున్నాయి, కింద అక్షరం లేదు. అతను నోరు మూసుకున్నాక, ముద్దాయి ఏడుస్తుంటే, ఆ ముఖం కింద జడ్జి తీర్పు వచ్చింది. తల్లి మాట్లాడాల్సింది దొంగ ముఖం కింద వచ్చింది. ముందు నా కళ్ళే మోసం చేస్తున్నాయనుకున్నాను. ఇంకో సినిమా రెండో సీడీ పెట్టాను. అదీ అంతే. అన్నీ అంతే. టీవీ రకానికి మార్చేటప్పుడు బొమ్మ వేగం వెంట్రుకవాసి మారింది, నేను వేసిన సెకన్లు మారలేదు. మొదటి పది నిమిషాల్లో ఆ తేడా కనపడదు. గంట దాటేసరికి మాట మనిషిని వదిలేసి నాలుగైదు సెకన్లు వెనకబడుతుంది. సినిమా ముగిసేసరికి ఇంకా ఎక్కువ. అమ్మ వింటుంది, ఆమెకు చదువు రాదు. నాయనకు వినపడదు. చదవనూ విననూ రెండూ వచ్చిన నేను ఒక్కరోజు పక్కన కూర్చోలేదు.

అమ్మను లేపి అడిగాను, నాయన ఎప్పుడైనా ఏమైనా అన్నాడా అని.

"నీకు చెప్పొద్దన్న్యాడు పాపా. బిడ్డ రాసింది సరిగ్గానే ఉండాది, నాకే బిరబిరా చదివేకి రాదు, సగం అయ్యేసరికి వెనకబడిపోతాండాను అన్న్యాడు. తెలిస్తే బిడ్డ బాధపడుతుంది అన్న్యాడు. అందుకే కదా ఆ పేపరు పట్టుకుని పొద్దున్నే అట్లా అరిచి అరిచి చదివింది. చదివేది బాగా వచ్చినాక నిన్ను మళ్ళా అడగాలని."

నేను మెట్ల మీదికి పోయి ఆయన కూర్చునేచోట కూర్చున్నాను. నాయినా, నువ్వు వెనకబడలేదు, తప్పు నాది అని ఇప్పుడు ఏ కార్డు వెనక రాయను? ఆరు సినిమాల నిండా నాయన కోసం ఎన్ని వేల మాటలు టైపు చేశానో. మాట అన్న మనిషి ముఖం ఎదురుగా ఉండగా, ఒక్క సెకను కూడా ఆలస్యం కాకుండా, నిలబడి చూస్తూ నేను ఆయనకు అందించిన మాటలు మాత్రం ఆ రోజు రాసిన కార్డు మీదివే.