పక్కింటి పాప, మంత్రగత్తెల నవల

ఈ రోజు పక్కింట్లో బారసాల. నా కూతురు పోయాక నేను ఒకరింటికి వెళ్లడం ఇదే మొదలు. గౌను పట్టుకెళ్లాను. పాపను చూడబోతే బాలింతరాలు చప్పున కొంగు కప్పేసింది.

"ఇప్పుడే పడుకుందండి పిన్నిగారూ, తర్వాత చూద్దురుగాని."

కొంగు కింద పాప కాళ్లు ఆడిస్తూనే ఉంది. "పడుకోనీ అమ్మా" అని గౌను మంచం మీద పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి, నా కూతురు సగంలో ఆపిన నవల కూడబలుక్కుంటూ పూర్తిచేశాను. రాజుల కాలంనాటి మంత్రగత్తెల కథ. బిడ్డ పోయిన తల్లిని చూసి ఊళ్లోవాళ్లు తమ పిల్లల్ని దాచుకోవడం బాగా రాశారు, కళ్లతో చూసినట్టే ఉంది. చివర్లో ఆవిడకు మంత్రాలొచ్చి ఊరిని తగలబెట్టడమే తేలిపోయింది.

మంత్రాలే వస్తే ఏ తల్లయినా ముందు తన బిడ్డను బతికించుకోదా? మీరే చెప్పండి.