బ్రేకుల్లేని పందెం

1953 ఏప్రిల్, ఆదివారం సాయంత్రం, తాండూరు. ఉన్నవాళ్లు: నేను, మా అక్క, నాపరాళ్ల గనిలో మేస్త్రీగా చేసే బావ. డైరీ చూసే రాస్తున్నాను.

వికారాబాద్‌లో పాత కాగితాల కొట్టులో నాకు ఇంగ్లాండు మోటారు సైకిల్ పందేల పత్రిక దొరికింది. నిరుటి సీజనంతా అందులో ఉంది. బొగ్గు బూడిద పరిచిన గుండ్రటి బాటలో నలుగురు నాలుగేసి చుట్లు తిరుగుతారట. బండ్లకు బ్రేకులే ఉండవట!

"బ్రేకు లేకుంటే మలుపుల ఎట్ల, బామ్మర్దీ?" అన్నాడు బావ. అది తేల్చాలని రైలింజన్ల బూడిద తెచ్చి చేనులో పరిచాం. బావ తన మోటారు సైకిల్ బ్రేకులు తనే విప్పేశాడు.

"తమ్మీ, మీ బావ కాలిరిగితే నువ్వే మొయ్యాలె," అంది అక్క.

రెండో చుట్టులో బండి బాట తప్పి, పేర్చిన నాపరాళ్ల మీదికి దూసుకుపోయింది. అక్క కేక పెట్టింది. బావ ఎడమకాలు నేలకు తన్ని, హ్యాండిల్ కుడికి తిప్పాడు. వెనక చక్రం గిర్రున జారి, రాళ్లకు జానెడు దూరంలో బండి ఆగింది. పత్రికలోని ఆటగాళ్లు మలుపుల్లో చేసేదీ అదే!

మరునాడు పొద్దున బావ బ్రేకులు బిగిస్తున్నాడు. అక్క పక్కనే కాపలా నిలబడింది. ఆమె లోపలికి పోగానే బావ గుసగుసగా అడిగాడు: "నిరుడు గెల్చినోనికి పెండ్లయిందా? జర సూడు."

పత్రికంతా వెతికాను. అదొక్కటే రాయలేదు.